నాలుగడుగుల అర మధ్యలో కుంగితే

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించిన పుస్తకాల అరలు ఆరు నెలలకే మధ్యలో కుంగాయని, వడ్రంగి మొత్తం విప్పి కొత్తగా చేయాలంటున్నాడని రాశారు. టెన్షన్ పడకండి, అంత ఖర్చు అక్కర్లేదండి. లోపం చెక్కలో లేదు, అర పొడవులో ఉంది. పుస్తకాలు అడుగుకు దాదాపు 10 కిలోలు తూగుతాయి. అంటే మీ నాలుగడుగుల అర రాత్రీపగలూ 40 కిలోలు మోస్తోంది.

అరలన్నిటికీ సరిగ్గా మధ్యలో, కింది నుంచి పైదాకా ఒకే వరసలో నిలువు చెక్కలు పెట్టించండి. ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు సుమారు పదహారో వంతుకు తగ్గుతుంది. కుంగిన అరలను తిరగేసి బిగించమనండి. మా ఇంట్లో అలాగే చేశాం, ఇప్పటికీ తిన్నగానే ఉన్నాయి.

మధ్యలో చెక్క అడ్డమనిపిస్తే, అర ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీని ఫెవికాల్ రాసి స్క్రూలతో బిగించాలి. పట్టీ నిలువుగా ఉండాలి, పడుకోబెడితే బలం రాదు. వెనక అంచు కిందా ఒకటి వేస్తే ఇంకా మంచిది.

వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లుతుందన్నారు కదా, బీరువాకీ గోడకీ మధ్య అంగుళం ఖాళీ వదలండి. అడుగున గ్రానైట్ ముక్కలు పెడితే తడి గుడ్డతో తుడిచినా చెక్క నానదు. ఒక్కటి మాత్రం మరవకండి: పైభాగాన్ని ఎల్ క్లాంపులతో గోడకు బిగించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అరలు పట్టుకుని ఎక్కుతారు.