‘నేర్చుకుంది’ అని రాయకు

శ్రావణీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుజబ్బు ఉన్న పిల్లల్లో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఎలా తిష్ఠ వేస్తుందో తెలుగులో చెప్పాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. మన దగ్గర దీన్ని చాలాకాలం తెల్లవాళ్ల జబ్బు అనుకున్నారు. మన పిల్లల్లోనూ ఉంది. టీబీ అనో, ఉబ్బసం అనో, మాటిమాటికీ నిమోనియా వస్తోందనో మందులు వాడుతూ ఉండగానే ఏళ్లు గడిచిపోతాయి. అలాంటి ఇళ్లలో నీ వ్యాసం చదువుతారమ్మా. అందుకే ఒక్క మాట దగ్గర నిన్ను ఆపుతున్నాను.

‘మందులను తట్టుకోవడం బ్యాక్టీరియా నేర్చుకుంది’ అని రాశావు. ఇదే మాట నేనూ ఒకప్పుడు రాశాను. అచ్చయిన వారానికి ఒక తండ్రి ఫోన్ చేశాడు. “మేం మందు వేసేకొద్దీ అది నేర్చుకుంటోందన్నమాట. మానేస్తే నేర్చుకోదు కదండీ?” అన్నాడు. ఆయన తప్పేం లేదు, నేను రాసిన వాక్యానికి అర్థమే అది. గంటసేపు మాట్లాడి ఆ మందు ఆగకుండా చూశాను. ఫోన్ చేయకుండానే మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని ఇప్పటికీ మనసులో మెదులుతుంది.

వరస తప్పకుండా చెప్పు. మార్పు ముందు వస్తుంది, గుడ్డిగా వస్తుంది. ఏరివేత తర్వాత. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు చూపించింది ఇదే: వైరస్‌ను తట్టుకునే బ్యాక్టీరియా ఆ వైరస్ ఎదురుపడకముందే గుంపులో పుట్టి ఉంటుంది. మందు దేనికీ పాఠం చెప్పదు. తట్టుకున్నవాటిని మిగులుస్తుంది, అంతే. మందు మానేస్తే గుంపు పెరుగుతుంది. గుంపు పెరిగితే జన్యువుల నకళ్లు పెరుగుతాయి, నకళ్లతోపాటే పొరపాట్లూ. ఆ తండ్రికి నేను చెప్పిన జవాబు ఇది. వ్యాసంలోనే ఉండాల్సింది.

సూడోమొనాస్‌లో ఉండే, నువ్వు రెండు ముక్కల్లో దాటేసిన మ్యూక్-ఎ జన్యువు దగ్గర మాత్రం నిదానించు. దాని పని పగ్గం పట్టడం. ఆల్జినేట్ అనే జిగురును తయారుచేయించే ప్రోటీనును అది కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ జన్యువులో ఒకచోట ‘జి’ అనే అక్షరం వరసగా ఐదుసార్లు వస్తుంది. ప్రూఫులు దిద్దినవాళ్లకు తెలుసు, ఒకే అక్షరం వరసగా పడ్డచోటే కన్ను జారేది. కణం నకలు తీసుకునేటప్పుడూ అక్కడే జారుతుంది, ఐదింట్లో ఒకటి ఎగిరిపోతుంది. జన్యువును మూడేసి అక్షరాలుగా చదవాలి కాబట్టి అక్కణ్నుంచి అంతా అర్థంలేని రాతే. పగ్గం తెగి జిగురు ఊరుతుంది.

ల్యాబుకు వెళ్లి ఆ బ్యాక్టీరియాను పెంచిన ప్లేటు చూసిరా. మామూలు సూడోమొనాస్ పలచగా, పచ్చగా పరుచుకుని ఉంటుంది. పగ్గం తెగినది తడితడిగా ఉబ్బి, లూపు (ల్యాబులో వాడే సన్నటి తీగ) ఆనిస్తే జిగటగా అంటుకుని సాగుతుంది. బచ్చలాకు నలిపిన చేతికి తెలిసే జిగురు. ‘మ్యూకాయిడ్ ఫినోటైప్’ అని రాసే బదులు ఆ బచ్చలిని రాయి. నీళ్లలోనో మట్టిలోనో ఉన్నప్పుడు ఆ జిగురు దానికి దండగ ఖర్చు. చిక్కటి కఫం నిండిన ఊపిరితిత్తిలో అదే కవచం. తెల్లకణాలు దాన్ని మింగలేవు, మందూ సరిగా పనిచేయదు.

ఇప్పుడు బిడ్డ వైపు చూడు. 1989లో టొరంటో, మిషిగన్ పరిశోధకులు ఏడో క్రోమోజోమ్ మీద ఈ జబ్బు జన్యువును పట్టుకున్నారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపంలో పోయినవి మూడే అక్షరాలు. మూడూ పోయాయి కాబట్టి తర్వాతి రాత చెదరదు. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీనులోని 1,480 అమైనో ఆమ్లాల్లో 508వది ఒక్కటే ఉండదు. కానీ ఆ ప్రోటీను సరిగా మడతపడక, అది కణం పైపొరకు చేరకముందే కణమే దాన్ని చాలావరకు ముక్కలు చేసేస్తుంది. బిడ్డ రాతలో మూడక్షరాలు, క్రిమి రాతలో ఒక్కటి. ఈ రెండు పొరపాట్లూ ఒకే ఊపిరితిత్తిలో కలుసుకుంటాయి. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి ఎంత చోటిచ్చినా ఎక్కువ కాదు.

ప్రూఫురీడర్ లేని బ్యాక్టీరియా కూడా ఉంది. 2000లో స్పెయిన్ పరిశోధకులు 30 మంది రోగులను చూస్తే 11 మందిలో పొరపాట్లు దిద్దే వ్యవస్థ దెబ్బతిని, మామూలుకంటే ఎన్నోరెట్లు వేగంగా మారిపోయే సూడోమొనాస్ కనిపించింది. దాన్నీ చేర్చు.

‘రోజురోజుకూ క్రూరమయ్యే శత్రువు’ అన్న ఉపశీర్షిక మాత్రం తీసేయి. సియాటెల్ బృందం 2006లో ప్రచురించిన పనిలో ఒకే బిడ్డ దగ్గర ఆరు నెలల వయసులోనూ, ఎనిమిదేళ్ల వయసులోనూ తీసిన సూడోమొనాస్ జన్యురాశులను పోల్చారు. 68 మార్పులు కనిపించాయి. మొదటి దాడికి కావలసిన ఆయుధాలు ఇలాంటి ఇన్‌ఫెక్షన్లలో తరచూ పోతుంటాయనీ తేలింది. కాపురానికి పనికిరానివి మిగల్లేదు. క్రూరత్వమని రాస్తే ఈ అందమైన సంగతి కనపడకుండా పోతుంది.

ఇంకొకటి. సూడోమొనాస్‌ను మొదట్లోనే, జిగురు పట్టకముందే పట్టుకుంటే టోబ్రామైసిన్ లాంటి పీల్చే మందుతో చాలామందిలో వదిలించవచ్చు. తెమడ పరీక్ష మళ్లీమళ్లీ చేయించమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ‘నేర్చుకుంది’ అన్న వాక్యం కొట్టేసి, ఆ చోట ఇది పెట్టు. రెండో ప్రతి నాకు పంపేముందు మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆపి అడిగారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు