అపాయింట్‌మెంట్ ఫారం సైట్ డిజైన్‌లో కలవకపోతే

అపాయింట్‌మెంట్ ఫారం సైట్ డిజైన్‌తో కలవడం లేదని, సీఎస్‌ఎస్ (పేజీ రంగులు, ఫాంట్లు, రూపం నిర్ణయించే కోడ్) మార్చినా ఫలితం లేదని అడిగారు. మీ సీఎస్‌ఎస్‌లో తప్పేమీ లేదండి. గుంటూరు అరండల్‌పేట క్లినిక్ సైట్‌లో మీరు పెట్టిన అపాయింట్‌మెంట్ ఫారం ఐఫ్రేమ్‌లో, అంటే మీ పేజీలో వేరే పేజీని చూపించే కిటికీలో, వస్తోంది. అది ఫారం ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్‌లోని వేరే పేజీ. మీ స్టైల్‌షీట్ (సీఎస్‌ఎస్ ఫైలు) దానికి వర్తించదు, ఈ రూలుకే ప్రాధాన్యం అని చెప్పే ‘ఇంపార్టెంట్’ ఎన్నిసార్లు తగిలించినా అంతే.

1. కంపెనీ డ్యాష్‌బోర్డులో ‘కస్టమ్ సీఎస్‌ఎస్’ ఉందేమో చూడండి. రంగులు, బటన్ అంచులు అక్కడే మార్చాలి.

2. ఫాంటు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మీ పేజీలో లోడైన ‘మండలి’ ఫాంటు ఐఫ్రేమ్‌లోకి రాదు. కస్టమ్ సీఎస్‌ఎస్‌లో దాని పేరు రాస్తే చాలదు, ఫాంటును మళ్లీ లోడ్ చేయాలి. ఫాంటు ఫైలు మీ సర్వర్‌లో ఉంటే దానికి కార్స్ హెడర్ (వేరే డొమైన్ పేజీ ఈ ఫైలు వాడొచ్చని మీ సర్వర్ చెప్పే లైను) కూడా ఇవ్వాలి, లేదంటే బ్రౌజర్ ఆపేస్తుంది. విజయవాడలో ఒక బట్టల షాపు సైట్‌కి నేను రెండు రోజులు తల పట్టుకున్నది ఈ ఒక్క లైను కోసమే. గూగుల్ ఫాంట్స్ లింకు ఇస్తే ఆ టెన్షన్ ఉండదు.

3. ఫోన్‌లో రెండు స్క్రోల్‌బార్లు వస్తున్నాయన్నారు. ఎత్తు 600 పిక్సెల్స్ అని బిగించారు కదా, అదే కారణం. కంపెనీ రీసైజ్ స్క్రిప్టు ఇస్తే అది పెట్టి, ఆ 600 తీసేయండి.

కస్టమ్ సీఎస్‌ఎస్ లేకపోతే ఏపీఐ (మీ ఫారం వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో నేరుగా మాట్లాడే దారి) ఉందా అని కంపెనీని అడగండి. ఉంటే ఫారం మీరే కట్టుకోవచ్చు.