డయాలసిస్ ఫిల్టరు మారిస్తే జ్వరాలు తగ్గుతాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఏడాదిన్నరగా విశాఖలో వారానికి 3 సార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. తరచూ జ్వరం, దగ్గు వస్తున్నాయి. ఫిల్టరు పొర తగిలి తెల్లకణాలు చచ్చిపోతాయని, ఖరీదైన ఫిల్టరు వేయించమని పక్కబెడ్డు వారు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వారి మాటలో కొంత నిజం ఉంది గానీ అది పాతకాలపు నిజం. పూర్వం ఫిల్టరు పొరను సెల్యులోజుతో చేసేవారు. దాని మీదున్న హైడ్రాక్సిల్ సమూహాలనే రసాయన భాగాలు తగలగానే రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వ్యవస్థ, ఎదురుగా ఉన్నది సూక్ష్మజీవేనని పొరబడి మేల్కొనేది. దాంతో రేగిన న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోయేవి. అందుకే డయాలసిస్ మొదలైన 15 నిమిషాలకు రక్తం తీసి చూస్తే తెల్లకణాల సంఖ్య బాగా పడిపోయి ఉండేది, తర్వాత కొద్ది గంటల్లోనే తిరిగి పెరిగేది. అంటే అవి చచ్చిపోలేదు, పక్కకు తప్పుకున్నాయంతే. అయితే ఇలా మాటిమాటికీ ఉత్తపుణ్యానికి రేగిన కణాలు అసలు బ్యాక్టీరియా ఎదురైనప్పుడు మందకొడిగా పనిచేసేవి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది పాలీసల్ఫోన్ వంటి సింథటిక్ పొరలే. వీటితో ఆ అలజడి చాలా తక్కువ, అసలు లేదని మాత్రం అనను. ఫిల్టరు మీద ఆ పేరు గానీ, పాలీఈథర్‌సల్ఫోన్ అని గానీ ఉంటే, ఈ ఒక్క కారణంతో మార్చనక్కర్లేదు.

నన్నడిగితే, ముందు చూడవలసింది వేరే ఉంది. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో నిలిచిపోయిన వ్యర్థాలే టి కణాలనే మరో రకం తెల్లకణాలనూ న్యూట్రోఫిల్స్‌నూ నీరసపరుస్తాయి. హెపటైటిస్ బి టీకా మామూలు పెద్దలకు సాధారణంగా 20 మైక్రోగ్రాముల చొప్పున 3 డోసులు చాలగా, డయాలసిస్ వారికి 40 చొప్పున 4 డోసులు ఇవ్వడం ఇందుకే. అది పూర్తయిందో లేదో కనుక్కోండి. నాన్నగారికి ఇంకా మెడ దగ్గర క్యాథటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో వేసే గొట్టం) ఉంటే నా అనుమానం మొదట దాని మీదే. మన ఊరి ఉక్కపోతకు చెమట పట్టి డ్రెస్సింగు అంచులు లేచిపోతుంటాయి, సూక్ష్మజీవులకు అంతకన్నా దారి అక్కర్లేదు. మిషను మీద ఉండగా చలి, వణుకు వస్తే అప్పటికప్పుడే సిస్టరుకు చెప్పి, యాంటీబయాటిక్ ఇవ్వకముందే రక్తం కల్చరుకు (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపమని అడగండి. క్యాథటర్‌కు బదులు ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే రక్తమార్గం) వేయించే సంగతి కూడా నెఫ్రాలజిస్టుతో మాట్లాడండి. డయాలసిస్ రోగులకు క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి, దగ్గు 2 వారాలు దాటితే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పక చేయించండి.