మా తమ్ముడి ఐస్‌క్రీం కొట్టు గురించి

చిరంజీవి అమ్మలుకి పెద్దత్త ఆశీస్సులు.

పోయిన మీ నాన్న పేరు నిలిచేలా కొట్టు విషయంలో ఏం చేయాలని ఫోన్‌లో అడిగావు. ఆ ఏడుపులో నీకు ఏం చెప్పినా తలకెక్కదని ఊరుకున్నాను. మీ మామయ్య పోయాక చిత్తూరులో పచ్చళ్ల కొట్టు నడిపినదాన్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు బాకీలు తీర్చు. పాలవాళ్లకీ పళ్లవాళ్లకీ మా తమ్ముడు చాలా లెక్కలు నోటిమాట మీదే నడిపాడు. ఎవరైనా వచ్చి ఇంత రావాలంటే చీటీ చూడు. చీటీ లేకపోయినా కొట్టులో వాడితో పనిచేసిన మాస్టరుకి తెలిసిన బాకీ అయితే ఇచ్చెయ్. కొట్టు మూసిన రోజులకి పనివాళ్ల జీతం కొయ్యకు.

చిన్నోడు ఫ్లెక్సీ కట్టిస్తానంటున్నాడట. బెంగళూరులో వాటికి నిషేధం ఉంది, మీ నాన్నకీ అవి గిట్టవు. రోజంతా ఉచితంగా పంచడమూ వద్దు. మల్లేశ్వరం రద్దీలో వాణ్ణి ఎరిగినవాళ్లే వెనకబడిపోతారు. పెద్దకర్మ అయ్యాక ఒక సాయంత్రం పాత వాడుకదార్లనీ, ఎప్పుడో పని మానేసిన కుర్రాళ్లనీ పిలిచి సీతాఫలం ఐస్‌క్రీం పెట్టండి. ఇప్పుడు సీజనే కదా.

అది వాడు చేసినట్టే చేయాలి. పండు విప్పి, గుజ్జుని జల్లెడ మీద వేళ్లతో రుద్ది, గింజలు ఒక్కొక్కటీ ఏరేసేవాడు. మిక్సీ ముట్టనిచ్చేవాడు కాదు, గింజ నలిగితే గుజ్జంతా పాడే. మరిగించిన పాలు పూర్తిగా చల్లారాకే కలిపేవాడు, వేడి తగిలితే చేదెక్కుతుందని. ఇదంతా వాడి చేతికి తెలిసిన విద్య, కాగితం మీద ఎక్కడా లేదు. మాస్టర్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి గుప్పెళ్లూ గరిటెలూ గ్రాముల్లో తూచి రాసుకో. ఈ వారంలోనే రాసుకో తల్లీ, మాస్టరుకీ వయసైంది.

ఖర్చు తగ్గుతుందని ఎవరో నూనెతో చేసిన మిక్స్ తెచ్చి చూపిస్తారు. మన నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీంలో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పాల కొవ్వు బదులు వంటనూనె కొవ్వు వాడితే ఫ్రోజెన్ డెజర్ట్ అనే రాయాలి. వాడి బోర్డు కింద అది అమ్మొద్దు. కావాలంటే ధర పెంచు, ఎందుకు పెంచావో అడిగినవాళ్లకి చెప్పు.

ఫుడ్ లైసెన్సు వాడి పేరు మీదే ఉంది. యజమాని పోయిన రోజు నుంచి 90 రోజుల దాకా అది వారసులకి చెల్లుతుంది, ఆలోపు నీ పేరుకి మార్పించు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ కొత్తగా తీసుకోవాలి, ఆడిటర్ని అడుగు.

ఇక మీ అమ్మ. కొట్టుకి రమ్మని బలవంతపెట్టకు, వస్తానంటే ఆపకు. అప్పుడే గల్లాపెట్టె దగ్గర కూర్చుందేమిటని ఎవరైనా అంటే నా పేరు చెప్పు. మామయ్య పోయి నెల తిరక్కుండానే నేనూ కూర్చున్నాను.

మీ పెద్దత్త