ఇంటి సర్వర్‌కు బయటి నుంచి లాగిన్ కాలేకపోతున్నాను: ఈ రంగానికి పనికొస్తానా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇంట్లో సర్వర్‌గా పెట్టాను. ఇంట్లో ఉన్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా మరో కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా లాగిన్ అవుతోంది. ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టుకు బయటి నుంచి వచ్చే పిలుపులు ల్యాప్‌టాప్‌కు చేరేలా రూటర్‌లో ఫార్వర్డ్ చేసినా, హాస్టల్ నుంచి ప్రయత్నిస్తే ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తోంది. నెల రోజులుగా తేలడం లేదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి నేను పనికొస్తానా?

జవాబు: నెల రోజులు వదలకుండా పట్టుకున్నారంటే ఈ పనికి కావలసిన ఓర్పు మీకుంది. ఇక అలవడవలసింది వెతికే క్రమం.

ముందు ఎర్రర్‌ను అక్షరం వదలకుండా చదవండి. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే ఏదో ఒక యంత్రం మీ పిలుపు విని తిరస్కరించిందని, ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే దారి బాగానే ఉండి కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలు) లేదా ఖాతా దగ్గర ఆగిందని అర్థం. మీకు వస్తున్న ‘టైమ్డ్ అవుట్’ అంటే అసలు జవాబే రాలేదు. ఇంట్లో లాగిన్ అవుతోంది కనుక సర్వర్ ప్రోగ్రామ్ మీద అనుమానం అక్కర్లేదు.

కొన్ని హాస్టళ్ల నెట్‌వర్కులే 22వ పోర్టును బయటికి వెళ్లనివ్వవు కాబట్టి, ఒకసారి ఫోన్ డేటా మీద ప్రయత్నించండి. అప్పుడూ రాకపోతే ఇంట్లో ఎవరినైనా రూటర్ పేజీ తెరిచి వాన్ చిరునామా (రూటర్‌కు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన బయటి చిరునామా) చదవమనండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతోందన్నమాట. ఈ పద్ధతి కోసమే 2012లో ఆ చిరునామాలను ప్రత్యేకించారు. అలాంటప్పుడు మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు; స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ చిరునామా) అడగడమో, చిన్న అద్దె సర్వర్ మీదుగా రివర్స్ టన్నెల్ (ఇంటి సర్వరే బయటికి కనెక్ట్ అయి తెరిచి ఉంచే దారి) వేసుకోవడమో చేయాలి. నా అనుమానం ఎక్కువగా దీనిమీదే. వాన్‌లో ఉన్నది పబ్లిక్ చిరునామాయే అయితే, ల్యాప్‌టాప్ లోపలి చిరునామా మారిపోయి ఫార్వర్డింగ్ పాత దానికే వెళ్తోందేమో చూసి, ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ ఒకే లోపలి చిరునామా వచ్చేలా రూటర్‌లో రిజర్వ్ చేయండి. బయటి నుంచి ప్రయత్నిస్తున్నంతసేపూ సర్వర్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాను చూపే ప్రోగ్రామ్) నడిపితే మీ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, చేరుతున్నాయో లేదో కళ్లారా కనిపిస్తుంది.

దారి తెరుచుకోకముందే పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, కీతో మాత్రమే అనుమతించండి; తెరిచిన 22వ పోర్టును వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములకు రాత్రీ పగలూ లేవు.

వేసిన ప్రతి అడుగునూ, దానివల్ల ఏది తోసిపుచ్చగలిగారో దానినీ నోటు పుస్తకంలో రాయండి. ఇంటర్వ్యూలో ‘సర్వర్ అందడం లేదు, ఏం చేస్తారు?’ అని అడిగితే ఆ పేజీలే మీ జవాబు. తర్వాత ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) పరీక్ష రాయవచ్చు. అందులోనూ ఆబ్జెక్టివ్ ప్రశ్నలుండవు, యంత్రం ముందు కూర్చుని పని చేసి చూపాలి.