పొగమంచులో మిర్చి ఆరబోత: సమాధానం

పొగమంచుకు కల్లంలో మిర్చి మెత్తబడుతోంది, ఇంకెన్నాళ్లిలా అని అడిగారు కదండీ. మన గుంటూరు వైపు సంక్రాంతి దాటినా మంచు వదలదు, ఫిబ్రవరిలో ఎండ ముదిరేకొద్దీ తగ్గుతుంది. సాయంత్రం ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే, తెల్లారేసరికి మంచు దాదాపు ఖాయం. మబ్బు పడితే మంచు తక్కువే, కానీ అప్పుడు వాన టెన్షన్!

పొద్దు వాలకముందే కాయను దగ్గరికి చేసి టార్పాలిన్ పట్టా కప్పండి. కొత్తగా కోసిన కాయనైతే ఎత్తుగా పోయొద్దు, ఆవిరి పట్టి చెడుతుంది. పొద్దున తొందరపడకుండా పట్టా మీది తడి పూర్తిగా ఆరాకే తీసి పల్చగా పరవండి. బూజు పట్టి రంగు పోయిన కాయను మిర్చి యార్డులో తాలు (నాసిరకం కాయ) కింద లెక్కేస్తారు. తేమ 10-11 శాతానికి దిగాలి. కాయను ఊపితే గింజలు గలగలమంటేనే టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టించండి.