ఎండలో చెమట పడితే కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయా?

చాలామంది అనుకునేంత కాదు. మే నెల ఎండలో గంట నడిచి కిలో తగ్గితే, పోయింది దాదాపు అంతా నీరే. మజ్జిగ, మంచినీళ్లు తాగగానే తిరిగొస్తుంది. లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది గానీ, అది కొవ్వు కరిగి ఖర్చైన శక్తి కాదు. కళింగపట్నం లాంటి తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరకుండా కారిపోతుంది, ఒళ్లు చల్లబడదు. గుండె వేగంగా కొట్టుకుని ఖర్చు కాస్త పెరుగుతుంది, అంతే. దానికోసం ఎండలో పరిగెత్తకండి, వడదెబ్బ తగులుతుంది.

ఖర్చు బాగా పెంచేది చలి. ఒళ్లు వణికితే విశ్రాంతిలో అయ్యే ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. దుప్పటి కప్పుకున్నారా, ఆ పెరుగుదల ఆగిపోతుంది.